"ఫోర్ బై ఫోర్ ఉంటే ఏదైనా లాగేస్తుంది" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

మన డాలస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మూడు వారాల నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. "క్యాంపింగ్, బోటింగ్, ట్రయల్స్ (కొండల్లో మట్టి, రాళ్ల దారులు) అన్నిటికీ ఏ బండి కొనాలి, అనుభవంతో చెప్తున్నా సేవ్ చేసుకోండి" అని మొదలవుతుంది, మధ్యలో జీప్ బొమ్మ, చివర్లో రెండు దండాలు. నాకే అయిదు గ్రూపుల్లో వచ్చింది. ఊరుకుందామనే అనుకున్నా కానీ మా బావ అది చదివి టూ డోర్ జీప్ రాంగ్లర్‌కి అడ్వాన్స్ కట్టడానికి రెడీ అయిపోయాడు, దానికి పడవ తగిలించి లూయిస్‌విల్ లేక్‌కి లాక్కెళ్తాడట, పడవా ట్రెయిలరూ కలిపి 3,000 పౌండ్లు! ఇంక కూర్చుని రాయక తప్పలేదు. నేను మెకానిక్‌ని కాదు. ఫోర్ డోర్ రాంగ్లర్ ఆరేళ్లుగా నడుపుతున్నా, కొలరాడో నాలుగుసార్లు వెళ్లొచ్చా, అందులో ఒకసారి చావు తప్పి కన్ను లొట్టపోయింది, అది కింద చెప్తా.

అందులో మొదటి మాట: "ఫోర్ బై ఫోర్ ఉంటే ఎంత బరువైనా లాగుతుంది."

ఫోర్ బై ఫోర్ ఇచ్చేది పట్టు, అంతే. బురద, ఇసుక, మంచు, లేక్ దగ్గర ర్యాంప్ మీద నాచు, ఇలాంటి చోట్ల ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్తే బండి కదులుతుంది. పొడి హైవే మీద 65 మైళ్ల వేగంలో ట్రెయిలర్ లాగుతుంటే పట్టుకి కొరతేముంది, అక్కడ కావాల్సినవి గట్టి ఫ్రేమ్, కూలింగ్, బ్రేకులు, బండి పొడుగు. పైగా పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌ని, అంటే అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునేదాన్ని, పొడి తారు రోడ్డు మీద వేశారంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడుతుంది, మలుపులో ముందువి ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడా పోవడానికి దారి లేక అంతా బిగుసుకుపోతుంది, పార్కింగ్ లాట్‌లో తిప్పి చూడండి, స్టీరింగ్‌లోనే తెలిసిపోతుంది.

రాంగ్లర్‌లో రాళ్ల దారుల కోసం చేసిన రూబికాన్ మోడల్‌లో ఫోర్ లో అని ఉంటుంది, బాగా నెమ్మదిగా, బాగా బలంగా లాగే గేర్, దాని సంగతి వేరే. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో, ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ 77 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. బండరాళ్ల మీద నత్తలా పాకడానికి పెట్టింది అది. తడిసిన పడవని ర్యాంప్ మీంచి పైకి లాగడానికి కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఆ యాభై అడుగుల వరకూ ఫార్వర్డ్ కరెక్టే. ర్యాంప్ దాటాక ఇంటికి ముప్పై మైళ్లు ఉంది మరి.

రెండోది: "హార్స్‌పవర్ ఎక్కువున్న ఇంజిన్ తీసుకోండి, టోయింగ్ దానంతట అదే వస్తుంది."

దీనికి జీప్ షోరూమ్‌లోనే జవాబు ఉంది. ఫోర్ డోర్ రాంగ్లర్ 3.6 వీ6 ఇంజిన్ 285 హార్స్‌పవర్, టోయింగ్, అంటే వెనక లాగగల బరువు, 3,500 పౌండ్లు. 2021లో అదే బండిలో 392 అని పెద్ద వీ8 పెట్టారు, 470 హార్స్‌పవర్, టోయింగ్ ఎంతో తెలుసా, అదే 3,500. ఇప్పుడు జీప్ వాళ్ల పికప్ గ్లాడియేటర్ చూడండి, అదే 285 హార్స్‌పవర్ వీ6, 2020 మోడల్‌లో సరైన ప్యాకేజీ, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసుకుంటే 7,650 పౌండ్ల దాకా. అదే గ్లాడియేటర్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో అయితే 4,500 దాటదు. ఇంజిన్ మారకుండానే నంబర్ ఇంత తేడా వచ్చిందంటే మిగతా బండి అంతా కలిసి ఆ నంబర్‌ని తేలుస్తోందనే కదా.

ముఖ్యంగా వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం. టూ డోర్ రాంగ్లర్‌ది దాదాపు 97 అంగుళాలు, ఫోర్ డోర్‌ది 118, గ్లాడియేటర్‌ది 137. టూ డోర్‌కి కంపెనీ ఇచ్చే టోయింగ్ 2,000 పౌండ్లే. బావా, చదువుతున్నావా? 2,000.

పొట్టి బండికి ట్రెయిలర్ తగిలిస్తే తోక కుక్కని ఆడిస్తుంది. నేను అనుభవించా. రెండేళ్ల కిందట అద్దెకి ఒక చిన్న క్యాంపర్ (పడుకునే వీలున్న ట్రెయిలర్) తీసుకుని 287 హైవే మీద అమరిల్లో వైపు వెళ్తున్నాం, చిల్డ్రెస్ దాటాం, ఆ టెక్సాస్ ప్యాన్‌హ్యాండిల్ గాలి తెలిసిందే, నీళ్ల డబ్బాలు, బియ్యం బస్తా, గ్యాస్ స్టవ్వు, మడత కుర్చీలు అన్నీ క్యాంపర్ వెనక మూల కుక్కేశాం చోటుందని. 70లో కొంచెం దిగుడు, పక్కనుంచి ఒక పెద్ద ట్రక్కు దూసుకుపోయింది. క్యాంపర్ ఒకసారి ఎడమకి ఊగింది, తర్వాత కుడికి ఇంకాస్త ఎక్కువ, మూడో ఊపుకి జీప్ వెనక భాగాన్ని కూడా తనతో ఈడ్చింది, అద్దంలో నాకు క్యాంపర్ పక్క గోడ కనిపిస్తోంది, వెనక ఉండాల్సిన గోడ. కాలు బ్రేక్ మీదకి పోబోయింది, నొక్కలేదు, ఎక్కడో చదివింది గుర్తొచ్చి యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుని బ్రేక్ కంట్రోలర్ మీద ఉన్న లీవర్ నొక్కా, ట్రెయిలర్ బ్రేకులు మాత్రం పడ్డాయి, క్యాంపర్ వెనక్కి లాగి తిన్నగా అయింది. తర్వాతి గ్యాస్ స్టేషన్‌లో ఆగి సామానంతా ముందుకి సర్దాం. ఆ పూట మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఊళ్లో ఎద్దులబండి తోలిన వాళ్లకి ఇది కొత్త కాదు. బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువ వేస్తే ఎద్దు మెడ మీద పడుతుంది. ట్రెయిలర్‌కీ అదే లెక్క, దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే బండి వెనక ట్రెయిలర్ తగిలించే చోట, దిగాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అంతకన్నా తగ్గితే ఊగుతుంది, పెరిగితే జీప్ వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి.

ఎత్తు సంగతి ఫార్వర్డ్‌లో అసలు లేదు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. డెన్వర్ నుంచి పడమటికి వెళ్తే వచ్చే ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది, అక్కడికొచ్చేసరికి 285లో మూడో వంతు గాల్లో కలిసిపోయినట్టే.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదం ఇదే: "కొత్త రాంగ్లర్ 5,000 పౌండ్లు లాగుతుంది, బ్రోచర్‌లోనే ఉంది, కళ్లు మూసుకుని కొనండి."

కళ్లు తెరిచి చూస్తే 2024 నుంచి ఫోర్ డోర్ రూబికాన్‌కి ఫుల్ ఫ్లోట్ అనే గట్టి రకం వెనక ఇరుసు పెట్టారు, దానికి తగిన ఎక్విప్‌మెంట్ ఉంటే 5,000 దాకా అన్నారు. అది అన్ని రాంగ్లర్లకీ కాదు. సరే, 5,000 అనే అనుకుందాం. అసలు ఈ నంబర్లు ఎలా వస్తాయో తెలుసా? ఎస్‌ఏఈ అనే ఆటో ఇంజినీర్ల సంఘం పెట్టిన జె2807 అని ఒక స్టాండర్డ్ ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ల పైన ఎక్కుడు, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, 40 మైళ్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. మంచి టెస్టే, కాదనను. కానీ అందులో మనుషులు ఇద్దరే, డ్రైవరూ ఇంకొకరూ, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మన ట్రిప్పుల్లో ఇద్దరే వెళ్లడం ఎప్పుడైనా చూశారా?

డ్రైవర్ తలుపు తీసి పక్క స్తంభం మీద చూడండి, చిన్న స్టిక్కర్ ఉంటుంది, టైర్ ప్రెషర్ రాసి ఉంటుందే, దాని మీదే "మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు" అని ఉంటుంది. పేలోడ్ అంటే అదే. మోడల్‌కొకటి కాదు, ఏ బండికి ఆ బండి వేరే. నా జీప్ మీద 892. ఇప్పుడు లెక్కేద్దాం. నేను 180, మా ఆవిడ 140, పిల్లలిద్దరూ 90, 60, మా అమ్మ 130, మొత్తం 600. మిగిలింది 292. కూలర్, బట్టలు, కుక్కర్, పచ్చడి సీసాలు, ఏదో ఒకటి 120, ఇంక 172. హిచ్‌కి పెట్టే బాల్ మౌంట్ (ట్రెయిలర్ కూర్చునే ఇనుప గుండు ఉన్న కడ్డీ) 20, ఇంక 152. ఇప్పుడు బావ పడవ తగిలిద్దాం, 3,000 పౌండ్లలో 12 శాతం అంటే 360 హిచ్ మీద కూర్చుంటుంది. 208 పౌండ్లు ఓవర్! ట్రెయిలర్ చూస్తే 3,500 లోపే ఉంది, బ్రోచర్ ప్రకారం అంతా సవ్యంగానే ఉంది, బండి మాత్రం ఎక్కువ మోస్తోంది. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), స్టీల్ బంపర్ తర్వాత బిగించుకుంటే అవి కూడా ఈ 892లోంచే పోతాయి. బరువు పంచే హిచ్ పెట్టుకుంటే కొంత ముందు ఇరుసు మీదకి వెళ్తుంది, మంచిదే, స్టిక్కర్ మీద నంబర్ మాత్రం పెరగదు.

ఇంకో మోసం, క్యాంపర్ అమ్మేవాళ్లు చెప్పేది డ్రై వెయిట్, ఖాళీ డబ్బా బరువు. నీళ్లు గ్యాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైనే, 30 గ్యాలన్ల ట్యాంక్ నింపితే అక్కడికే 250. అన్నీ సర్దుకుని ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి, పెద్ద ఖర్చేం కాదు.

నాలుగోది: "లిఫ్ట్ కిట్, 37 అంగుళాల టైర్లు వేస్తే ట్రయల్‌కీ టోయింగ్‌కీ రెండింటికీ లాభం."

ట్రయల్‌కి లాభమే, ఒప్పుకుంటా. టోయింగ్‌కి నష్టం. రూబికాన్ 33 అంగుళాల టైర్లతో, ఇరుసులో 4.10 గేర్‌తో వస్తుంది, 37 వేయగానే ఆ 4.10 కాస్తా 3.66లా పనిచేస్తుంది, సైకిల్ మీద పెద్ద గేర్ వేసి ఎత్తు ఎక్కినట్టు. స్పీడోమీటర్ సరిచేయించకపోతే 60 చూపించేటప్పుడు నిజానికి 67లో ఉంటారు, వెనక ట్రెయిలర్‌తో. పైగా బండి ఎత్తు పెరిగాక హిచ్ కూడా పైకి పోతుంది, దాన్ని కిందకి దింపే మౌంట్ పెట్టకపోతే ట్రెయిలర్ ముక్కు పైకెత్తుకుని నడుస్తుంది, మళ్లీ ఊపు మొదలు.

"ట్రెయిలర్ బ్రేకులు, కంట్రోలర్ అంతా డీలర్ల దోపిడీ" అన్నదానికి నా 287 కథే జవాబు. ఆ లీవర్ లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదేమో. జీప్ మాన్యువల్‌లోనే 1,000 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కి సొంత బ్రేకులు ఉండాలని ఉంది. కాలిఫోర్నియా చట్టంలో 1,500, చాలా రాష్ట్రాల్లో 3,000. దోపిడీ అంట!

"ఆల్ వీల్ డ్రైవ్ అన్నా ఫోర్ బై ఫోర్ అన్నా ఒకటే" అని ఇంకో లైను. పొడుగ్గా చెప్పను, యూటాలో కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ వాళ్లు లో రేంజ్ (పైన చెప్పిన ఫోర్ లో) లేని ఆల్ వీల్ డ్రైవ్‌ని ఫోర్ బై ఫోర్‌గా లెక్కపెట్టరు, కష్టమైన దారుల్లోకి రానివ్వరు. ఆ దారుల నుంచి టో ట్రక్ పిలిస్తే అయ్యే బిల్లుతో ఇండియా టికెట్ వస్తుంది.

తర్వాతది చదివి నిజంగా భయమేసింది: "ట్రయల్‌లో ఎవరైనా ఇరుక్కుంటే హిచ్ బాల్‌కి స్ట్రాప్ తగిలించి లాగేయండి." దయచేసి ఎవరూ చేయకండి. ఆ బాల్ ట్రెయిలర్‌ని నెమ్మదిగా లాగడానికి చేసింది, ఇరుక్కున్న బండిని గుంజేటప్పుడు పడే దెబ్బకి దాని కాడ తెగితే, సాగిన స్ట్రాప్‌లో ఉన్న బలమంతా ఆ ఇనుప గుండుని వడిసెల రాయిలా విసురుతుంది, వెనక అద్దం పగలగొట్టుకుని లోపలికొస్తుంది. మనుషులు చచ్చిపోయారు ఇలా. రికవరీ హుక్కులు వేరే ఉంటాయి, లేకపోతే బాల్ మౌంట్ తీసేసి అది దూరే గొట్టంలో (రిసీవర్) షాకిల్, అంటే స్ట్రాప్ తగిలించే గట్టి ఇనుప కొక్కెం, పెట్టే మౌంట్ దొరుకుతుంది, స్ట్రాప్ దానికి వేయండి, చుట్టూ జనాన్ని దూరంగా పంపండి. ఈ ఒక్క లైన్ కోసమైనా ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు డిలీట్ చేస్తే బాగుంటుంది.

చివరిది, "ఇవన్నీ ఎందుకు అనుకుంటే పెద్ద పికప్ కొనండి, రెండు పనులూ చేస్తుంది." లాగడం వరకూ నిజం. ఫోర్డ్ ఎఫ్-150 క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల పికప్) వెడల్పు అద్దాలు కాకుండానే 80 అంగుళాలు, వీల్‌బేస్ 145. టెల్యురైడ్ పైన బ్లాక్ బేర్ పాస్ నుంచి దిగే మలుపుల్లో ఆ పొడుగుతో ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు కొట్టాలో ఊహించుకోండి, పక్కన లోయ. ఇసుక దారులకీ మామూలు ఫారెస్ట్ రోడ్లకీ అయితే పికప్ హాయిగా సరిపోతుంది, నిజానికి మనలో నూటికి తొంభై మంది వెళ్లేది అక్కడిదాకానే.

అందుకే బావకి నేను చెప్పింది ఇది. నువ్వు ఏడాదికి ఇరవైసార్లు లేక్‌కి వెళ్తావు, కొలరాడో ఒక్కసారి వెళ్తావు, అది కూడా యూటా మోయాబ్‌లోలా బండలెక్కే రకం కాదు. 2025 టొయోటా ఫోర్ రన్నర్ 6,000 లాగుతుంది, కొత్త ల్యాండ్ క్రూజర్ కూడా 6,000, ఫోర్ బై ఫోర్ తీసుకుంటే రెండింటికీ లో రేంజ్ ఉంటుంది, పాత ఫోర్ రన్నర్ దొరికినా 5,000. జీపే కావాలంటే కనీసం ఫోర్ డోర్ చూడు, కానీ ముందు తలుపు తీసి స్టిక్కర్ ఫోటో పంపు, తర్వాత అడ్వాన్స్ కట్టు. ఫోర్డ్ బ్రాంకో చూస్తానన్నాడు, అందులో ర్యాప్టర్ మోడల్ కాకపోతే అది కూడా 3,500 రకమే అని చెప్పా.

నిన్న సాయంత్రం షోరూమ్ నుంచి ఫోటో పంపాడు. ఫోర్ డోర్ రాంగ్లర్, స్టిక్కర్ మీద 911. కింద మెసేజ్: "లెక్క వేశా, అత్తయ్యని మీ కార్లో తీసుకొచ్చేయ్, కూలర్ కూడా."