నైరుతి మూల స్పీకరు

మా బావగారు స్పీకర్లు కొన్నారు. ఎంత పెట్టి కొన్నారో అక్కకి తెలీదు. తెలుసని ఆవిడ అనుకుంటున్న అంకె అసలు ధరలో సగం. ఆ సగానికే ఆ ఇంట్లో కొన్నాళ్ళపాటు పప్పు మాడింది కాబట్టి మిగతా సగం సంగతి నేనూ ఎత్తను.

ఒక్కోటి 38 కిలోలు. నిలబెడితే నా గడ్డం దాకా వస్తుంది. ముందు వైపు మూడు గుండ్రాలు, వెనక కిందుగా ఒక బొక్క. "ఆ బొక్కెందుకురా?" అని అత్తయ్యగారు అడిగారు. "లోపలి గాలి అందులోంచి వచ్చి బాస్, అంటే అడుగు స్వరాలు, పెంచుతుందమ్మా" అన్నారు బావగారు. "గాలికి ఇంత డబ్బెందుకురా? కిటికీ తీస్తే గోదారి గాలి ఊరికే వస్తుంది కదా" అందావిడ. ఎనభై దాటితే మనిషిలో వెటకారం తగ్గుతుందని ఎవరైనా అంటే మా వైపు వచ్చి చూడమనండి.

బావగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. పక్క ఊళ్ళో నాలుగెకరాల వరిచేను, పెద్దలనాటి పెంకుటిల్లు, ఇంటి వెనక ఒక ధాన్యం కొట్టు. ఆ కొట్టునే ఖాళీ చేయించి, సున్నం వేయించి, పాటలు వినే గది చేశారు. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నలుచదరం.

స్పీకర్లకి ఇంతకంటే చెడ్డ గది దొరకదు. 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 47 సార్లు ఊగుతూ మోగే స్వరం తీసుకోండి. గాలిలో దాని అల పొడవు సుమారు 24 అడుగులు. 12 అడుగుల గోడల మధ్య సరిగ్గా సగం అల ఇరుక్కుని, బయటికి పోకుండా ఊగుతూ ఉంటుంది. గదికి పొడవు వేరు, వెడల్పు వేరు అయితే ఒక్కోటి ఒక్కో స్వరాన్ని పట్టుకుంటుంది. రెండూ ఒకటే అయితే రెండూ కలిసి ఒకే స్వరం మీద పడతాయి. బాస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. వాయించేవాడు అక్కణ్నించి రెండు మూడు మెట్లు ఎక్కాడంటే చాలు, మిగతా పాటంతా పోయి గది ఒక్కటే 'ఘూం' అంటుంది.

ఇంకో తమాషా ఉంది. ఆ స్వరం గోడల దగ్గర రెట్టింపవుతుంది, గది నడిమధ్యలో దాదాపు చచ్చిపోతుంది. బావగారు సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని "బాస్ లేదేంట్రా?" అనేవారు. తూర్పు గోడకి ఆనుకుని మడత కుర్చీలో కూర్చున్న అత్తయ్యగారు "తగ్గించరా నాయనా, గుండె అదురుతోంది" అనేవారు. ఒకే గది, ఒకే పాట. ఇద్దరి మాటా నిజమే. నేను అటు కాసేపు, ఇటు కాసేపు కూర్చుని చూశాను కూడా.

సరే, హైదరాబాదు నుంచి ఒక సౌండ్ ఇంజనీరుని పిలిపించారు. అదే రోజు అక్క సిద్ధాంతిగారిని పిలిపించింది. కొత్త సామాను వచ్చిన దగ్గర్నుంచి కొబ్బరి రేటు పడిపోయిందని ఆవిడ అనుమానం. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. ఒకరి చేతిలో లేజర్ టేపు, ఇంకొకరి చేతిలో దిక్సూచి. మొదటిసారి కలిసిన వియ్యంకుల్లా ఒకరినొకరు మర్యాదగా కొలుచుకున్నారు.

"దివ్యమైన గదండి. వాస్తు లెక్కలో ఆయం చక్కగా కుదిరింది. నలుచదరం కంటే శ్రేష్ఠం ఏముంటుంది" అన్నారు సిద్ధాంతిగారు.

"అంకుల్, ఈ గది వదిలేయండి" అన్నాడు ఇంజనీరు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. గది మధ్యలో కుర్చీ తీసేయమన్నారు. అది బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టకూడదన్నారు సిద్ధాంతిగారు. అక్కడ బాస్ వినబడదు, కూర్చోకూడదన్నాడు ఇంజనీరు. అంతటితో సంధి అయిపోయింది.

ఈశాన్యంలో బరువు పనికిరాదు కాబట్టి తూర్పు గోడ, ఉత్తరపు గోడ పోయాయి. దక్షిణపు గోడకి పెడితే వినేవాళ్ళు యముడి దిక్కుకి మొహం పెట్టాలి. మిగిలింది పడమటి గోడ. ఒక స్పీకరు నైరుతిలో, ఒకటి వాయవ్యంలో. "నైరుతిది మాత్రం కాస్త బరువుగా ఉండాలండి" అన్నారు సిద్ధాంతిగారు. రెండూ ఒకటే బరువుంటాయండీ, జత అంటే అదేనండీ అని బావగారు మొత్తుకుంటుంటే ఆయన నవ్వి, "మార్గం ఆలోచిద్దాం లెండి" అని అక్క వైపు చూశారు. ఆ చూపు నేను చూశాను. బావగారు చూడలేదు.

యాంప్లిఫయరు విషయంలో పేచీ రాలేదు. అది క్లాస్ ఏ రకం. పాడినా పాడకపోయినా ఒకటే కరెంటు తాగుతూ పొయ్యిగడ్డలా కాలుతూ ఉంటుంది. వేడి వస్తువు కాబట్టి ఆగ్నేయం. అక్కణ్నించి పడమటి గోడ దాకా వైరు లాగడానికి మళ్ళీ ఖర్చు. అత్తయ్యగారికి మాత్రం ఆ ఏర్పాటు తెగ నచ్చింది. ముసురు పట్టినప్పుడు దాని పైన పళ్ళెంలో వడియాలు ఆరబెట్టేవారు. గాలి ఆడే కన్నాలు మూసేస్తే అది మాడిపోతుందమ్మా అని బావగారు చెబితే, "కన్నాల్లోంచే కదరా వేడి వచ్చేది, ఇంకెక్కడ పెట్టమంటావు?" అన్నారు.

ఇంజనీరు కొలతలు మొదలుపెట్టాడు. చిన్న మైకు, లాప్‌టాప్. 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా పాకుతూ పోయే ఒక కూత పెడతాడు. ఆ కాసేపు ఇంట్లో చప్పుడు ఉండకూడదు. ఫ్యాను ఆపాలి, మిక్సీ ఆపాలి, కిటికీలు మూయాలి. కోనసీమ ఉక్కలో చొక్కాలు ఒంటికి అంటుకుపోయి అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కూత అడుగునించి బయలుదేరి 47 దగ్గరికి వచ్చేసరికి కిటికీ రెక్క గడగడలాడింది, అటక మీద ఇత్తడి బిందె జవాబు చెప్పింది, పాకలో గేదె నెమరు ఆపింది. లాప్‌టాప్‌లో గీత అక్కడ కొబ్బరిచెట్టంత లేచింది. పైకెళ్ళేసరికి వీధిలో కుక్క అందుకుంది. గోడ మీంచి పక్కింటావిడ "ప్రెషర్ కుక్కరా అండీ?" అని అడిగింది.

తర్వాత అద్దం పని. స్పీకరులో పుట్టిన శబ్దం పక్క గోడకి తగిలి మళ్ళీ చెవికి వచ్చే చోటు కనిపెట్టాలంటే, ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరుపుతూ పోవాలి. కూర్చున్నవాడికి అద్దంలో ట్వీటరు, అంటే పై స్వరాలు పలికే చిన్న గుండ్రం, ఎక్కడ కనిపిస్తే అక్కడ మెత్తటి గుడ్డేదో తగిలించాలి. ఉత్తరపు గోడ మీద బాగానే జరిగింది. దక్షిణపు గోడకి రాగానే అక్క అడ్డం వచ్చింది. దక్షిణపు గోడకి అద్దం పెట్టకూడదట. "పెట్టడం కాదండీ, జరపడం" అన్నాడు ఇంజనీరు. "జరిపినా పెట్టినట్టే" అంది అక్క. చివరికి ఉత్తరపు కొలతే దక్షిణానికీ వేసుకుని, అత్తయ్యగారి పాత చీరల బొంతలు రెండు వేలాడదీశారు. బొంత పై స్వరాల్ని పీల్చుకుంటుంది గానీ 47 హెర్ట్జ్‌ని ఏమీ చెయ్యలేదు. దానికి మూలల్లో మందంగా పీచు పదార్థం ఏదైనా కుక్కాలన్నాడు.

పీచుకి అంబాజీపేటలో కరువా! గోనె సంచుల నిండా కొబ్బరి పీచు కుక్కి మూలల్లో నిలబెట్టారు. బాస్ ట్రాప్ అంటారట, అంటే బాస్‌ని పట్టే బోను. అందులో బాస్ పడిందో లేదో తెలీదు గానీ మర్నాడు పొద్దున్న తేలు పడింది. అత్తయ్యగారి కుర్చీ కిందికి అది వచ్చిన తీరు చూసి సంచులన్నీ మళ్ళీ బండెక్కాయి.

ఇంజనీరు స్పీకర్లని అంగుళం అంగుళం లోపలికి తిప్పి, ట్వీటరు చెవి ఎత్తుకి వచ్చేలా సరిచూసి, ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. స్పీకర్ల కింద మేకుల్లాంటి మొనదేలిన కాళ్ళుంటాయి. నేలకి చిల్లులు పడకుండా వాటి కింద పది రూపాయల బిళ్ళలు పెట్టించాడు. సాయంత్రం దీపం పెట్టడానికి వచ్చిన అక్క చూసింది. "లక్ష్మీదేవిని కాళ్ళ కింద పెడతారా!" అని నా చేత స్పీకర్లు ఎత్తించి, బిళ్ళలన్నీ తీసి, కళ్ళకద్దుకుని హుండీలో వేసేసింది.

సిద్ధాంతిగారి చూపు అందుకుని అక్క చేసే రెండో పనేమిటో నేను ఊహిస్తూనే ఉన్నాను. బావగారు వ్యాపారం మీద తిరిగి రాత్రికి ఇంటికొచ్చి, దీపం తగ్గించి, కళ్ళు మూసుకుని పాట పెట్టారు. చాలాసేపు ఉలకలేదు. తర్వాత, "ఎడమ దాంట్లో ఏదో స్థిరత్వం వచ్చిందిరా. కేబుల్ నలిగే కొద్దీ మెరుగవుతుందని చదివాను" అన్నారు. లైటు వేశాను. ఎడమ స్పీకరు నెత్తిన, ఎర్ర గుడ్డ పరిచి, రుబ్బురోలు పొత్రం ఉంది. పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ.

ఆ రాత్రి ఆ ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయను. న్యాయంగా చెప్పాలంటే, పెట్టె అదరకుండా పైన బరువు పెట్టేవాళ్ళు స్పీకర్ల ప్రపంచంలో నిజంగానే ఉన్నారు. కాకపోతే వాళ్ళు పసుపు రాయరు.

ఇలా ఉండగా సార్వా కోతలొచ్చాయి. కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. బావగారు రాజమండ్రిలో ఉన్నారు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది, కరెంటు పోయింది. కూలీలు గబగబా బస్తాలకెత్తారు. సావిడి నిండిపోయింది. "మిగతావి ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని అడిగితే అత్తయ్యగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ధాన్యం కొట్టులో కాకపోతే ఎక్కడ పెడతారురా?" అన్నారు.

కూలీలు స్పీకర్లని మూడడుగులు ముందుకి లాగి, పడమటి గోడ పొడుగునా బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. 75 కిలోల బస్తాలు, 36.

వాన తగ్గాక వచ్చిన బావగారు గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా బస్తా మీద చతికిలబడ్డారు. కరెంటు వచ్చింది. ఎలాగూ కొంప మునిగింది కదా, స్పీకర్లు బతికున్నాయో లేదో చూద్దామని పాట పెట్టారు.

ఘూం లేదు.

బాస్ గిటారు మెట్టు మెట్టుకీ విడివిడిగా, వేలు తీగ వదిలిన చప్పుడుతో సహా వినిపించింది. కిటికీ కదల్లేదు, బిందె పలకలేదు. పాడే మనిషి బస్తాల ముందు నిలబడి పాడుతున్నట్టే ఉంది. కారణం పెద్ద రహస్యం కాదు. బస్తాలు మూడడుగులు తినేసరికి గది 12కి 9 అయింది. ఒక పొడవు ఇంకా 47 దగ్గరే ఉంది గానీ రెండోది 62 దగ్గరికి జరిగిపోయింది. కలిసి కొట్టే జంట విడిపోయింది. పైగా స్పీకర్ల వెనక నున్నటి సున్నపు గోడ పోయి గరుకు గోనె వచ్చింది.

సిద్ధాంతిగారు వచ్చి చూసి, "చెప్పానా, నైరుతిలో బరువుండాలని!" అన్నారు. ఫోనులో గీత చూసిన ఇంజనీరు, "చెప్పానా అంకుల్, గది ఆకారమే ప్రాబ్లమ్ అని!" అన్నాడు. అత్తయ్యగారు మాత్రం ఏమీ చెప్పలేదు. ఎండొచ్చింది కదా, వడియాలు వాకిట్లోకి పట్టుకెళ్ళిపోయారు.

తర్వాత ధాన్యం కొనే మధ్యవర్తి ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. సావిడిలోవి తేమ చూసి ఎత్తించాడు. కొట్టులోకి అడుగుపెట్టబోతే బావగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "ఇవి ఇవ్వను. ఇవి పాటకి కావాలి" అన్నారు. అతను బస్తాల కేసి, స్పీకర్ల కేసి, చివరికి అక్క కేసి చూశాడు. "ఆయ్, అలాగేనండి. పాడినంతకాలం పాడనివ్వండి. పురుగు పట్టాక తాళం అదే వేస్తుంది" అని ట్రాక్టరెక్కాడు.

ఆ బస్తాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, వచ్చే ఏడు విత్తనానికి ఉంచుకున్నామని చెబుతున్నారు బావగారు. నాట్లకి ఎకరాకి 25 కిలోల విత్తనం చాలు. లెక్క వేసి చూశాను, 36 బస్తాలు వంద ఎకరాలకి పైగా సరిపోతాయి. బావగారికి ఉన్నది నాలుగు.