సర్పంచి కుర్చీ నుంచి ఢిల్లీకి దారి ఎక్కడ తెగింది?

టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది వినోదరాయునిపాలెంలో అని మన దగ్గర చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఒంగోలు జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టారనీ తెలుసు. కానీ రాజకీయాల్లో ఆయన తొలి మెట్టు రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ పదవి అన్న సంగతి పెద్దగా ఎవరూ తలుచుకోరు. 1904లో, ముప్పై దాటీ దాటగానే ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇంగ్లండులో బారిస్టర్ చదువు, మద్రాసు ప్రాక్టీసు, స్వరాజ్య పత్రిక, 1926లో ఢిల్లీ కేంద్ర శాసనసభ, అన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు ఆయన పేరున్న ప్రకాశం జిల్లాలో మున్సిపల్ చైర్మన్‌గా చేసినాయన ఎంపీ టికెట్ అడిగితే, పార్టీ ఆఫీసులో టీ ఇచ్చి, ఇన్‌ఛార్జిని కలవమని చెప్పి పంపేస్తారు.

ఒంగోలు లోక్‌సభ లెక్కే చూడండి. 1991 నుంచి 2024 దాకా తొమ్మిది సార్వత్రిక ఎన్నికలు జరిగితే ఏడుసార్లు గెలిచింది మాగుంట కుటుంబమే. సుబ్బరామిరెడ్డి, ఆయన హత్య తర్వాత 1996లో పార్వతమ్మ, 1998 నుంచి శ్రీనివాసులురెడ్డి. మధ్యలో పార్టీలు మారాయి, కండువాలు మారాయి, ఇంటిపేరు మాత్రం మారలేదు. నెల్లూరులో 2024 పోటీ ఇంకా తమాషా. అటు వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి, ఇటు విజయసాయిరెడ్డి, ఇద్దరూ రాజ్యసభ చూసొచ్చినవాళ్లే. అంటే మనవాళ్లు ఢిల్లీ వెళ్లడానికి ఢిల్లీ నుంచే బయల్దేరుతున్నారన్నమాట!

వెంకయ్యనాయుడు గారి సంగతేంటి అంటారు, నిజమే. వీఆర్ కాలేజీ విద్యార్థి సంఘం నుంచి మొదలుపెట్టి, 1978, 1983లో ఉదయగిరి ఎమ్మెల్యేగా గెలిచి, చివరికి రాజ్యసభ చైర్మన్ కుర్చీ దాకా వెళ్లాడు. కానీ లోక్‌సభకు ఒక్కసారీ గెలవలేదు, 1998లో రాజ్యసభకు పంపింది కర్ణాటక. మన అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్యగారైతే ఉల్టా, 1952లో రాజ్యసభకెళ్లి 1955లో గన్నవరం నుంచి రాష్ట్ర అసెంబ్లీకి వచ్చేశాడు. ఆ కాలం వేరు, ఆ మనిషి వేరు, వదిలేద్దాం.

దారి తెగింది పైన కాదు, కిందే. సర్పంచికి పేరుకి చెక్ పవర్ ఉంటుంది. బోరు మోటారు కాలిపోతే ఊరు ఆగదు కాబట్టి సొంత డబ్బుతో రివైండింగ్ చేయించి, బిల్లు పెట్టి, ఎంపీడీవో ఆఫీసు చుట్టూ తిరుగుతాడు, ఈలోపు ఖాతాలో ఉన్నదేదో ఇంకో పద్దు కింద పోతుంది. గత ప్రభుత్వంలో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కింది ఇందుకే. ఇలా ఐదేళ్లు గడిపాక అప్పులు తీర్చుకునే ఆలోచన తప్ప జడ్పీటీసీకి నిలబడే ఓపిక ఎంతమందికుంటుంది?

పైగా ఈ మెట్టు మీదున్నవాళ్లని పార్టీలు ఓట్లుగానే చూస్తాయి. 2021లో నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లకు 54 వైసీపీ గెలిచింది, 2024లో ప్రభుత్వం మారాక వాళ్లలో చాలామంది టీడీపీలోకి దూకేశారు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు, ఓటు వాళ్లదే కాబట్టి, ఎంపీటీసీలను బస్సులెక్కించి క్యాంపులకు తీసుకుపోవడం, ఫోన్లు లాక్కోవడం మనకు కొత్త కాదు. ఆ ఓట్లతో గెలిచేదెవరు? 2014లో ఎంపీగా ఓడిన మాగుంట శ్రీనివాసులురెడ్డి 2015లో ప్రకాశం స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీ అయ్యాడు. కిందివాడు పైకెక్కాల్సిన నిచ్చెన మీద పైవాడే దిగొచ్చి కూర్చున్నాడు.

మెట్టు మెట్టూ ఎక్కినవాళ్లు అసలే లేరా అంటే, అనిల్‌కుమార్ యాదవ్ ఉన్నాడు. నెల్లూరు కార్పొరేటర్, ఆపైన రెండుసార్లు సిటీ ఎమ్మెల్యే, జలవనరుల మంత్రి. ఆయన నోటితీరు నాకు నచ్చదు, అది వేరే విషయం. 2024లో పార్టీ ఆయన్ని నెల్లూరులో ఉంచలేదు, నరసరావుపేట లోక్‌సభకు పంపింది, ఓడిపోయాడు. అదే ఎన్నికలో ఒంగోలుకు చంద్రగిరి నుంచి చెవిరెడ్డి భాస్కర్‌రెడ్డిని తెచ్చారు, ఆయనా ఓడాడు. ఊళ్లో ఇరవై ఏళ్ల పరిచయాలకు విలువ లేదని పార్టీలు ఇంతకన్నా సూటిగా ఎలా చెప్తాయి!

ఎంపీగా నిలబడాలంటే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల ఖర్చు సర్పంచి ఎక్కడ తెస్తాడని అడిగేవాళ్లుంటారు. ఎన్నికల కమిషన్ పెట్టిన ఖర్చు పరిమితి 95 లక్షలు, అందులో ఎన్నిక అయిపోతుందని అభ్యర్థి డ్రైవరు కూడా నమ్మడు. కానీ స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఆ సాకు చెల్లదు. ఓటర్లు దాదాపు అంతా ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లే. ఆ ఒక్క సీటైనా కనిగిరిలోనో పామూరులోనో ఫ్లోరైడ్ నీళ్ల గురించి జడ్పీ మీటింగులో గొంతు చించుకున్న సభ్యుడికి ఇవ్వొచ్చు. చట్టం మార్చక్కర్లేదు, పార్టీ తన అభ్యర్థికిచ్చే బీఫారం మీద పేరు మారిస్తే చాలు. రేపు పార్టీలు ఆ సీటుకి ఎవర్ని దించుతాయో చూసుకుని, మిగతా మాటలు అప్పుడు మాట్లాడుకుందాం.