సూది దిగే ఆ పది నిమిషాలు

మా పెదనాన్నది కవిటి దగ్గర ఊరు. కొబ్బరి తోటల్లో పనిచేసినన్నాళ్లూ చేతికి తగిలిన దెబ్బను లెక్కచేసిన మనిషి కాదు. డయాలసిస్ మంచం మీద మాత్రం, సూది దగ్గరికి వస్తుంటే తల పక్కకు తిప్పుకుని రెండో చేత్తో దుప్పటి అంచు నలిపేవాడు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనిని సిరకు కలిపితే ఉబ్బిన నరాన్ని ఫిస్టులా అంటారు. దానిలోకి రెండు లావుపాటి సూదులు దిగాలి. ఒకటి రక్తాన్ని యంత్రంలోకి తీసుకెళుతుంది, రెండోది శుద్ధి అయిన రక్తాన్ని ఒంట్లోకి పంపుతుంది. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 300కు పైగా పోట్లు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఇళ్లకు తెలిసిన లెక్క ఇది.

ప్రాణం నిలుస్తోంది కదా, ఓర్చుకోవాలి అంటాం. ఆ మాటతోనే నాకు పేచీ.

అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనే పరిశోధకులు 1996లోనే కాలిన గాయాల రోగులకు వర్చువల్ రియాలిటీని, అంటే కళ్లముందు మరో లోకాన్ని చూపే పరికరాన్ని, వాడి చూశారు. తర్వాత వాళ్లు తయారుచేసిన ఆటలో, కళ్లకు పరికరం తొడుక్కున్న రోగి మంచు లోయలో తేలిపోతూ మంచు ఉండలు విసురుతుంటాడు, ఇక్కడ నర్సు పుండు కడుగుతుంటుంది. నొప్పి బాగా తగ్గిందని రోగులు చెప్పారు. తర్వాత మెదడు స్కాన్లలోనూ నొప్పికి సంబంధించిన భాగాల చురుకు తగ్గినట్లు కనిపించింది. ధ్యాసకు హద్దుంది. అది వేరేచోట చిక్కుకుంటే నొప్పికి మిగిలేది కొంచెమే. పసిపిల్లకు చెవులు కుట్టేటప్పుడు బెల్లం ముక్క చేతిలో పెట్టే అమ్మమ్మకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ సూదులు గుచ్చేటప్పుడు ఈ పరికరాన్ని వాడి చూడటానికి అంతకన్నా తగిన చోటు నాకు కనిపించదు. మంచానికొక పరికరం అక్కర్లేదు. డయాలసిస్ నాలుగు గంటలు సాగినా, భయపెట్టేది మొదటి పది నిమిషాలే. సూదులు కుదురుకోగానే తీసి, శుభ్రంగా తుడిచి పక్క మంచానికి ఇవ్వవచ్చు. వెంటనే తీసేయడమే మంచిది కూడా. డయాలసిస్ నడుస్తుండగా రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు, ఈ పరికరంతోనూ కొందరికి వికారం కలుగుతుంది. ఏది దేనివల్లో నర్సు పోల్చుకోవడం కష్టం. ఫిస్టులా చేయి కదపకూడదు కాబట్టి, తల తిప్పితే చాలు నడిచే ఆట కావాలి. ఇది మత్తుమందుకు బదులు కాదు, దానికి తోడు. చర్మాన్ని మొద్దుబార్చే పూతమందు అవసరమైనవారికి అదీ ఇవ్వాల్సిందే.

ఆటలో మంచు లోయే ఉండాలని లేదు. బారువ తీరంలో తెల్లవారుజామున వల లాగుతున్న పడవలో కూర్చోబెడితే, మా పెదనాన్న తల అటు తిప్పేవాడు.