సర్దుకుపో అనే దివ్యౌషధం గురించి

నెలసరి ఆగిపోయే మెనోపాజ్‌కి మందు లేదని ఎవరన్నారు? తరతరాలుగా ఉంది, దాని పేరు 'సర్దుకుపో'. చీటీ అక్కర్లేదు, చేదుండదు, పరగడుపున వేసుకోవాలా తిన్నాక వేసుకోవాలా అనే టెన్షన్ లేదు. రాసివ్వడానికి డాక్టరే కానక్కర్లేదు, భర్త, అత్తగారు, ఆఫీసులో మేనేజరు, కాలేజీకెళ్లే కొడుకు, ఎవరైనా రాసిచ్చేయొచ్చు. కొందరు డాక్టర్లూ ఇదే రాస్తారు, కాకపోతే ఫీజు తీసుకుంటారు.

'అదేం జబ్బు కాదుగా' అని ఈ మందు రాసేవాళ్లు ముందే చెప్తారు. నిజమే, కాదు. చాలామందికి 45 నుంచి 55 మధ్య అండాశయాలు పని చాలిస్తాయి, వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. అయితే అంతకుముందు కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ బుద్ధిగా మెట్లు దిగకుండా పైకీ కిందకీ ఊగుతుంది చూడండి, తిప్పలు మొదలయ్యేది అక్కడే. నిద్ర పట్టదు, చిరాకు, గుండె దడ, నోటి చివర ఉన్న పేరు బయటికి రాదు. (గర్భం మాత్రం ఆ టైములో కూడా రావచ్చు, ఆ సంగతి ఎవరూ చెప్పరు.)

వేడి ఆవిర్ల సంగతి చూద్దాం. మెదడులో ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే హైపోథాలమస్ అనే భాగానికి ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఓపిక నశిస్తుంది, కాస్త వెచ్చబడితే చాలు ఒళ్లు తగలబడిపోతోందన్నంత కంగారుపడి చర్మంలోని రక్తనాళాలు తెరిచేసి చెమటలు పట్టించేస్తుంది, కొన్ని నిమిషాలయ్యాక చలి. మీటింగ్ మధ్యలో వచ్చిందా? సర్దుకుపో, ఒక డోసు. అర్ధరాత్రి దుప్పటి తడిసి లేచి కూర్చున్నారా? రెండు డోసులు. కోర్సు ఎన్నాళ్లు అంటారా, అమెరికాలో స్వాన్ అనే దీర్ఘకాల అధ్యయనంలో తరచూ ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి అవి ఏడేళ్లకు పైనే ఉన్నాయి.

మన మందుకి గట్టి పోటీ హార్మోన్ థెరపీ, అంటే ఒంట్లో తగ్గిన హార్మోన్లని మందుగా ఇవ్వడం. వేడి ఆవిర్లకు దాన్ని మించింది లేదు, అది ఊపందుకునుంటే సర్దుకుపో దుకాణం మూతపడేదే. 2002లో అదృష్టం కలిసొచ్చింది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లకు రొమ్ము క్యాన్సర్, స్ట్రోక్ ముప్పు కొంత పెరిగిందని ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అన్న ముక్క మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. 60 దాటకుండా, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువని తర్వాత తేల్చారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు, అలాంటివాళ్లు వేరే దారులు అడగాలి. 2023లో ఫెజోలినెటాంట్ అనే హార్మోన్ లేని మాత్రకు అమెరికాలో అనుమతి కూడా వచ్చింది, లివర్ టెస్టులు చేయించుకుంటూ వాడాలి. ఇవన్నీ తెలిసిపోతే సర్దుకుపో ఎవరు మింగుతారు చెప్పండి, అందుకే తెలియనివ్వరు.

సర్దుకుపోకీ సైడ్ ఎఫెక్టులున్నాయి. ఎముకలు సర్దుకోవు, మెనోపాజ్ తర్వాతి కొన్నేళ్లలో గబగబా గుల్లబారతాయి, బరువులెత్తే వ్యాయామం, కాల్షియం, విటమిన్ డి వాటికి కావాలి గానీ ఓర్పు కాదు. యోని పొడిబారడం, మూత్రంలో మంట కూడా అంతే, ఆవిర్లలా కాలంతో తగ్గవు, పట్టించుకోకపోతే ముదురుతాయి. అక్కడ రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది, కాకపోతే ఆ మాట డాక్టర్ దగ్గర నోరు తెరిచి చెప్పాలి, అదే కష్టం. ఇక నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, ఇక్కడ వ్యంగ్యం లేదు, వెంటనే పరీక్ష చేయించుకోవాలి. చాలాసార్లు ఏమీ ఉండదు, కొన్నిసార్లు అది గర్భాశయ క్యాన్సర్.

ఇంత వాడకంలో ఉన్న మందుని రాసిచ్చేవాళ్ల మీద ఒక్కసారైనా పరీక్షించకపోవడం అన్యాయం కాబట్టి ఒక ట్రయల్ పెడదామనుకున్నాను. రాత్రి మూడుసార్లు లేపుతాం, మాట్లాడుతుండగా చెమటలు పట్టిస్తాం, ఏడేళ్లు. పేరివ్వమని అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదు, ఈ వయసులో అవన్నీ మావల్ల ఎక్కడవుతాయండీ అంటున్నారు.