డాబా మీద వాన లెక్క

వాన ఎంత పడిందో ఇంట్లోనే కూల్‌డ్రింక్ సీసాతో కొలుచుకోండి అని మీరు రాసినందుకు చాలా సంతోషం. కానీ సీసాను డాబా మీద పిట్టగోడ పక్కన పెడితే చాలన్నారు, అది మాత్రం ఒప్పుకోలేను. మాది విజయవాడ. మొదటి ఏడాది నేనూ అలాగే పెట్టాను. గాలివాన వచ్చిందంటే సగం చినుకులు గోడకే కొట్టుకునేవి. గోడ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. ఇప్పుడు డాబా మధ్యలో రెండు ఇటుకల నడుమ ఇరికించాను.

కూల్‌డ్రింక్ సీసా అడుగున గుంటలుంటాయి కదా, అవి మునిగేదాకా ముందే నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. ఇంకో మాట, వాతావరణ శాఖ లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. మనమూ అదే టైముకి చూస్తేనే పోల్చుకోగలం.

2024 ఆగస్టు 31 వానకి నా సీసా పొర్లిపోయింది, లెక్క దక్కలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అయితే మర్నాడు మా ఊళ్లోని సింగ్‌నగర్‌ని ముంచింది మా డాబాల మీద పడిన వాన ఒక్కటే కాదు, బుడమేరుకు గండ్లు పడి పైనుంచి వచ్చిన నీళ్లు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు. అక్కడ 100 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు! మైలవరం, జి.కొండూరు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఒక సీసా పెట్టండి. పొద్దున్నే ఆ అంకె ఇక్కడ రాయండి, నేను రోజూ చూస్తాను.