దొంగతనం అనడం అన్యాయం

ఇతరుల పాస్‌వర్డునో, ఎలక్ట్రానిక్ సంతకాన్నో, మరే గుర్తింపునో మోసపూరితంగా వాడుకున్నవాడికి ఐటీ చట్టంలోని 66సీ సెక్షన్ 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. శిక్ష మీద నాకు పేచీ లేదు. ఆ నేరానికి చట్టం పెట్టిన ‘గుర్తింపు చౌర్యం’ అనే పేరు మీదనే నా అభ్యంతరం. చౌర్యం అనాలంటే సొత్తుగలవాడు దాన్ని ఎక్కడో ఒకచోట దాచుకుని ఉండాలి, వచ్చినవాడు కనీసం ఒక గోడకైనా కన్నం వేసి ఉండాలి. పెళ్లిలో తాంబూలం పంచినట్టు ఊరందరికీ మనమే పంచిపెట్టి, పుచ్చుకున్నవారిలో ఒకడు దాన్ని ఇంటికి తీసుకుపోయి వాడుకుంటే వాడిని దొంగ అనడం మన దాతృత్వానికే మచ్చ.

ఈ దాన కార్యక్రమాన్ని ప్రత్యక్షంగా చూడదలచినవారు మా వీధి మొగలోని జిరాక్సు కొట్టుకు రావచ్చు. అక్కడ గోడకు అంటించిన కాగితం మీద ఒక వాట్సాప్ నంబరు ఉంటుంది. వచ్చినవారు తమ ఆధార్‌ను, పాన్‌ను, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీని ఆ నంబరుకు పంపి, కొట్టులోని కుర్రవాడు వాటిని కంప్యూటరులోకి దించి అచ్చు తీసేదాకా బల్లకు ఆనుకుని నిలబడతారు. మొన్న నా వంతు కోసం ఎదురుచూస్తూ ఆ తెర వైపు చూశాను. డౌన్‌లోడ్స్ అనే ఆ అక్షయపాత్రలో మా వీధి వీధంతా ఉంది: పాలాయన పాన్ కార్డు, ఎదురింటి కోడలి పదో తరగతి మార్కుల జాబితా, ఎవరిదో పట్టాదారు పాసుపుస్తకం, వీటన్నిటి నడుమ ఒక శుభలేఖ. అచ్చు సరిగా పడని కాపీలు బల్ల కింది అట్టపెట్టెలో పడతాయి. వాటిలో కొన్నింటి మీద, ఎందుకైనా మంచిదని, యజమానులు ముందే సంతకం కూడా చేసి పెట్టారు.

ప్రభుత్వం జాగ్రత్తలు చెప్పలేదని అనలేము. 2022 మే 27న ఆధార్ సంస్థకు చెందిన బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్సు కాపీలను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఇవ్వమని ఒక ప్రకటన చేసింది. ప్రజలు దాన్ని అపార్థం చేసుకునే ప్రమాదం ఉందని, మే 29న ప్రభుత్వమే ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. దాని బదులు మామూలు విచక్షణ చూపితే చాలునని సెలవిచ్చింది. రెండు రోజుల పాటు దేశం జాగ్రత్తగా ఉండవలసి వచ్చింది కాబోలు, పాపం.

అంతకు ముందు 2018 జులైలో, టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్‌కు అప్పటి అధ్యక్షులు ఆర్.ఎస్. శర్మ గారు తమ ఆధార్ సంఖ్యను ట్విట్టరులో ప్రకటించి, చేతనైతే హాని చేసి చూపమని సవాలు విసిరారు. జనం ఆయన ఫోను నంబరు, చిరునామా, పుట్టిన తేదీ ఇవేనంటూ వరసగా బయటపెట్టారు. కొందరైతే ఆయన ఖాతాలో 1 రూపాయి జమ కూడా చేశారు. కట్నాలు చదివించినట్టున్న ఈ ఘట్టం ముగిశాక, ఇలాంటి సవాళ్లు విసరవద్దని ఆధార్ సంస్థ ప్రజలను కోరింది.

అంకెల సంగతి సరే, వేళ్లయినా మన దగ్గర ఉంటాయి కదా అనుకునేవారు అదే ఏడాది పెద్దపల్లి జిల్లాలో జరిగినదాన్ని గుర్తు చేసుకోవాలి. పోలీసులు చెప్పిన దాని ప్రకారం, సిమ్‌లు అమ్ముకునే ఒక వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి ఆధార్ సంఖ్యలను, వేలిముద్రలను తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌లను చలామణీలోకి తెచ్చాడు. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. బొటనవేలు బయటపడితే ఏ కౌంటరుకు వెళ్లి కొత్తది అడగాలో ఇంతవరకు ఏ ప్రకటనలోనూ రాలేదు. ఏకలవ్యుడు ఒక్క గురువుకు ఒక్కసారి ఇచ్చి ఊరుకున్నాడు; మనం రేషను కొట్టు దగ్గర నెలనెలా ఇస్తున్నాం.

నా సంగతికి వస్తే, నా పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకున్నాను. ఐదు కనిపించాయి. నాకు తెలిసినవి రెండు. ఒక మనిషికి 9 దాకా ఉండవచ్చునట కనుక, ఇంకా నలుగురికి ఆశ్రయమిచ్చే అవకాశం నాకుంది. అయినా మనసు చిన్నబుచ్చుకుని, ఆ మూడూ నావి కావని ఫిర్యాదు పెట్టి, ఇక మీదట ఎవరడిగినా మాస్క్‌డ్ ఆధారే ఇవ్వాలని తీర్మానించుకున్నాను.

మా మేనకోడలి ఓణీల వేడుకకు ఫంక్షన్ హాలు మాట్లాడుకోవడానికి వెళ్లినప్పుడు ఆ తీర్మానం అమలులోకి వచ్చింది. మేనేజరు నా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

“అంకెల బదులు ఇంటూలున్నాయేంటండీ? ఇది దొంగ కార్డులా ఉంది,” అన్నాడు.

ప్రభుత్వమే ఇచ్చిందని చెప్పాను.

“అయినా మీలాంటి పెద్దమనిషికి దాచుకోవాల్సినంత అవసరం ఏమొచ్చిందండీ?” అని అడిగాడు.

వెనక నిలబడినవాళ్లు నన్ను ఎగాదిగా చూడటం మొదలుపెట్టారు. అవమానభారంతో బయటికి వచ్చి, మా వీధి మొగలోని కొట్టుకే వెళ్లి, పూర్తి ఆధార్ పంపుదామని ఫోను తీశాను. కుర్రవాడు తలెత్తకుండానే మౌసు కదిపాడు.

“పంపక్కర్లేదు సార్. పోయిన నెల పెట్టింది ఉంది. ఎన్ని కాపీలు?”