కాఫీ గింజలు ఎప్పుడు వేయించారో ప్యాకెట్ మీద ఎందుకు ఉండదు?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు చాలామంది ఊరికి బయలుదేరేటప్పుడు బ్యాగులో కాఫీ పొడి పెట్టుకుంటారు. నేనూ అంతే. మల్లేశ్వరంలోనో గాంధీ బజార్‌లోనో ఎదురుగా నిలబడి గింజలు మర పట్టించుకుని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ కవరుతో బస్సెక్కితే చుట్టూ నాలుగు సీట్లవాళ్లకు తెలిసిపోతుంది. అనంతపురంలో అమ్మకి ఏడాదికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా ఒక కిలో. ఒకసారి ఫోన్‌లో అమ్మ అంది, "మొదటి వారమే కాఫీ రా, తర్వాతంతా కషాయమే" అని. పాలు బాలేవేమో అనుకున్నాను, నీళ్ల తేడా అనుకున్నాను, కొత్త ఫిల్టర్ కూడా కొనిపెట్టాను. తప్పు నాదే. ఆరు నెలలకు సరిపడా పొడి ఒకేసారి పట్టించి ఇవ్వడమే తప్పు.

పాత బియ్యం, పాత చింతపండు, ఊరిన ఆవకాయ... నిలవ ఉన్నకొద్దీ విలువ పెరిగే వస్తువులు మన ఇళ్లలో బోలెడు, అందుకేనేమో కాఫీ పొడిని కూడా అదే లెక్కలో డబ్బాలో పోసి పెట్టేస్తాం. పచ్చి కాఫీ గింజ అయితే నిజంగానే బియ్యం లాంటిది, బాగా ఆరబెట్టి తేమ తగలకుండా ఉంచితే నెలల తరబడి ఆగుతుంది. వేయించాక మాత్రం అది పోపు లాంటిది.

దాదాపు 200 డిగ్రీల వేడిలో గింజ వేగేటప్పుడు వందల రకాల సువాసన పదార్థాలు పుడతాయి, వాటితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా గింజ లోపల చిక్కుకుంటుంది. ప్యాకెట్ మీద చిన్న గుండ్రటి వాల్వ్ కనిపిస్తుంది చూశారా, అది మనం వాసన చూడటానికి పెట్టింది కాదు, ఈ గ్యాస్ బయటికి పోవాలి, గాలి లోపలికి రాకూడదు అని పెట్టింది. లోపల గ్యాస్ ఉన్నంతకాలం ఆక్సిజన్‌ని కొంతవరకు అడ్డుకుంటుంది, అది తగ్గేకొద్దీ గాలి చేరి గింజలోని నూనెల్ని పాడుచేస్తుంది, అప్పుడు వచ్చేదే పాతబడ్డ పల్లీల లాంటి ఆ వాసన. గింజ గింజగా ఉన్నప్పుడు ఇదంతా వారాల వ్యవహారం. పొడి చేశారా, గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది, అన్నిటికంటే తేలికైన సువాసనలు నిమిషాల్లోనే పోవడం మొదలవుతుంది. మర దగ్గర వీధంతా గుమగుమలాడుతుంటే మనం మురిసిపోతాం గానీ, ఆ వీధిలోకి వెళ్లిపోయిన వాసన మన గ్లాసులోకి రాదు.

అలాగని నిన్న వేయించిన గింజే గొప్ప అని కూడా కాదు. లోపల గ్యాస్ మరీ ఎక్కువ ఉంటే వేడినీళ్లు పొడిలోకి సరిగా దిగవు. అందుకే ఎస్ప్రెసో (మెషిన్‌లో ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ) తీసేవాళ్లు వారం పది రోజులు ఆగుతారు, మన ఫిల్టర్‌కి మూడు నాలుగు రోజులు చాలు. అక్కణ్ణుంచి నెలలోపు గింజలు వాడేయాలి, పొడి అయితే వారం పది రోజుల్లో, ఇది నా అనుభవంలో తేలిన లెక్క. ఇంకో మాట, గింజ నూనెతో నిగనిగలాడితే తాజా అనుకునేవాళ్లు చాలామంది. ఆ మెరుపు బాగా నల్లగా వేయించడం వల్ల గానీ, రోజులు గడవడం వల్ల గానీ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి అని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి, మంచిదే. కానీ గింజలు ఏ రోజు వేయించారో రాసి తీరాలనే నియమం లేదు. ప్యాకింగ్ తేదీ ఉంటుంది, ఎప్పటిలోపు వాడాలో ఉంటుంది, అంతే. ఆ మధ్య ఒక మాల్‌లో ఖరీదైన గింజల ప్యాకెట్ తీసుకుని "ఎప్పుడు వేయించినవి?" అని అడిగితే, కౌంటర్‌లోని అబ్బాయి పాపం నిజాయితీగానే ప్యాకెట్ తిప్పి చూసి "ఇంకా ఎనిమిది నెలలు టైముంది సార్" అన్నాడు. ఇంటికొచ్చి పొడి చేసి వేడినీళ్లు పోస్తే ఒక్క బుడగ కూడా లేవలేదు, అంటే లోపల గ్యాస్ ఏమీ మిగల్లేదన్నమాట. ఎనిమిది నెలల్లో అది తాగినా ఆరోగ్యానికి ఏమీ కాదు, నిజమే. కానీ నేను డబ్బిచ్చింది రుచికి.

"పాలు, పంచదార, చికోరీ వేసేదానికి ఇంత టెన్షన్ ఎందుకు?" అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. చికోరీ మీద నాకు కోపం లేదు, మా ఇంట్లోనూ 80 పాళ్ల కాఫీకి 20 పాళ్ల చికోరీ కలుపుతాం. అయితే చికోరీలో కాఫీ వాసన ఉండదు, రంగూ చిక్కదనం మాత్రం బాగా ఇస్తుంది. డికాక్షన్ నల్లగా దిగిందంటే మంచి పొడి అని మనం నమ్మేస్తాం కాబట్టి పాతబడ్డ కాఫీ ఆ నలుపు వెనక హాయిగా దాక్కుంటుంది. పోయిన సువాసనని పాలు తిరిగి తేలేవు, ఇంకో చెంచా పొడి వేస్తే చేదే పెరుగుతుంది.

దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే, చిక్కమగళూరు తోటలు బెంగళూరుకి కొన్ని గంటల దూరం, కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం ఇక్కడే. మన అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చిక్కమగళూరు అరబికాకీ అప్పుడే. ఎక్కడ పండిందో చెప్పడానికి ఇంత శ్రద్ధ పెట్టి, ఎప్పుడు వేయించారో చెప్పకపోతే ఎలా? అరకు కొండల మీద గిరిజన రైతులు పండిన పండును ఏరి ఏరి చేత్తో కోస్తారు. ఆ కష్టమంతా గోడౌన్‌లో ఆరు నెలలు కూర్చుని చప్పబడిపోతే నాకు నిజంగా బాధేస్తుంది. పైగా ఇది కష్టమైన పనేం కాదు, ఈ మధ్య బెంగళూరులో వచ్చిన చిన్న రోస్టర్లు (గింజలు వేయించి అమ్మేవాళ్లు) చాలామంది వేయించిన తేదీని ముద్రిస్తూనే ఉన్నారు. పెద్ద కంపెనీలు మాత్రం ఎందుకు చేయకూడదు? ఆహార నిబంధనల్లో చికోరీ శాతం పక్కనే ఈ తేదీని కూడా చేర్చాలి.

అంతవరకు ఇంట్లో గ్రైండర్ లేనివాళ్లకు పేటలో ఎన్నాళ్లుగానో ఉన్న కాఫీ దుకాణమే దిక్కు. వారానికి పావుకిలో కంటే ఎక్కువ పట్టించకండి, డబ్బాని పొయ్యి పక్కన పెట్టకండి. నేను కొనే కొట్టులో అడిగితే పెద్దాయన కవరు మీద పెన్నుతో తేదీ రాసిస్తున్నాడు. అమ్మకి ఇప్పుడు కిలో పొడి బదులు పావుకిలో గింజలు వెళ్తున్నాయి, ఊరికి ఎవరు బయలుదేరితే వాళ్ల చేతికే ఇస్తున్నాను, చేత్తో తిప్పే చిన్న మర ఒకటి వంటింట్లో కిటికీ దగ్గర బిగించాం.